ఏజీఎస్ కణాల్లో ఈస్ట్రోజెన్‌తో ఎర్క్ ఒకసారి పెరిగి ఇంకోసారి పెరగడం లేదంటే

హనుమకొండ నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ అడిగిన ప్రశ్న ఇది. జీర్ణాశయ క్యాన్సర్ కణాలైన ఏజీఎస్‌కు 10 నానోమోలార్ ఈస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్లలో ముఖ్యమైనది) ఇచ్చి, 15 నిమిషాల తర్వాత ఫాస్ఫో-ఎర్క్ బ్లాట్ చేస్తున్నారు. ఎర్క్ అంటే కణానికి పెరగమనే సంకేతం మోసే ప్రొటీన్, ఫాస్ఫేట్ చేరితే అది చురుకవుతుంది; బ్లాట్ అంటే ప్రొటీన్‌ను యాంటీబాడీతో బ్యాండుగా చూసే పరీక్ష. ఒక బ్లాట్‌లో బ్యాండు బలంగా వస్తోంది, మరోదాంట్లో తేడాయే లేదు. ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే రిసెప్టర్లలో ఆల్ఫా, బీటా అని రెండు రకాలు; బీటా యాంటీబాడీ వేస్తే రెండు బ్యాండ్లు వస్తున్నాయి. ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను అడ్డుకునే ఫుల్వెస్ట్రాంట్ మందు ఇస్తే సంకేతం తగ్గాల్సింది పోయి ఇంకాస్త పెరిగింది. గైడ్ గారు మాత్రం "రిపీట్ చెయ్" అంటున్నారట.

ఇదే పద్ధతిలో రిపీట్ చేస్తే ఇదే గందరగోళం మళ్లీ వస్తుంది, కెమికల్స్ దండగ. హార్మోన్ ఏం చేస్తోందో చూడటానికి ముందు రెండు సంగతులు తేలాలి. మీరు ఇవ్వకముందే ఆ ప్లేటులో హార్మోన్ ఉందా? ఆ కణాల్లో నిజంగా ఉన్న రిసెప్టర్ ఏది? మీ ఫుల్వెస్ట్రాంట్ ఫలితం తప్పు కాకపోవచ్చు. నన్నడిగితే మీరు పంపిన మూడింట్లోనూ పనికొచ్చే క్లూ అదే. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ముందు మీడియా సంగతి. కణాల మీడియాలో కలిపే మామూలు ఎఫ్‌బీఎస్‌లో (దూడ పిండపు సీరం) ఈస్ట్రాడయోల్, ప్రొజెస్టెరాన్, కార్టిసోల్, థైరాయిడ్ హార్మోన్లు అన్నీ ఉంటాయి, బ్యాచ్‌ను బట్టి వాటి మోతాదు మారుతుంది. దానికి తోడు మీడియాకు ఎరుపు రంగునిచ్చే ఫినాల్ రెడ్ కూడా బలహీనమైన ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని 1986లోనే తేలింది. అసలు పని ఆ రంగుది కాదు, దాంట్లోని మలినానిదని ఆ తర్వాత తెలిసింది. మలినం కాబట్టి బాటిల్‌కూ బాటిల్‌కూ తేడా ఉంటుంది. ఒక వారం వచ్చిన ఫలితం మరో వారం రాకపోవడానికి ఇదొక్కటే చాలు.

ఏజీఎస్‌ను మామూలుగా హ్యామ్స్ ఎఫ్-12కే మీడియాలో పెంచుతారు. ఫినాల్ రెడ్ లేని ఎఫ్-12కే దొరకడం కష్టం. ఫినాల్ రెడ్ లేని ఆర్‌పీఎంఐ-1640 గానీ డీఎంఈఎం/ఎఫ్-12 గానీ తెప్పించుకోండి, ఏజీఎస్ వాటిలోనూ బాగానే పెరుగుతాయి. కాకపోతే మార్చిన రోజే ప్రయోగం పెట్టకండి, రెండు మూడు పాసేజ్‌లు (కణాలను విడదీసి కొత్త ప్లేటుకు మార్చే విడతలు) అలవాటు పడనివ్వండి.

సీరంలోని హార్మోన్లను బొగ్గుతో తీసేయాలి. రెడీమేడ్‌గా దొరుకుతుంది గానీ ఖరీదెక్కువ, ల్యాబ్‌లో చేసుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల సీరానికి 100 మిల్లీలీటర్ల బఫర్ తీసుకోండి. అందులో 0.25 మోలార్ సుక్రోజ్, 1.5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 10 మిల్లీమోలార్ హెపీస్ ఉండాలి, పీహెచ్ 7.4. దానికి 0.25 గ్రాముల నోరిట్-ఏ బొగ్గు, 2.5 మిల్లీగ్రాముల డెక్స్‌ట్రాన్ టీ-70 కలిపి రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచండి. తెల్లారి 500 జీ వద్ద 10 నిమిషాలు తిప్పి పైన తేరిన బఫర్ పారబోయండి. అడుగున మిగిలిన బొగ్గులో సీరం పోసి, బాగా కలిపి, మళ్లీ రాత్రంతా 4 డిగ్రీల్లోనే ఉంచండి. మర్నాడు రెండుసార్లు తిప్పి బొగ్గు పూర్తిగా తీసేశాక 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి పంపండి. బొగ్గు రవ్వలు మిగిలితే ఫిల్టర్ మొదటి 20 మిల్లీలీటర్లకే మూసుకుపోతుంది, తిప్పేటప్పుడు తొందరపడితే నష్టం అక్కడే. బొగ్గు హార్మోన్లతో ఆగదు, కొన్ని విటమిన్లను, గ్రోత్ ఫ్యాక్టర్లను కూడా లాగేస్తుంది. కణాలు నెమ్మదిగా పెరుగుతాయి, కంగారు పడొద్దు. ఇలా స్ట్రిప్ చేసిన (హార్మోన్లు తీసేసిన) సీరం ఒకే బ్యాచ్‌తో మొత్తం ప్రయోగాల వరుస పూర్తయ్యేలా ముందే లెక్క వేసుకుని చేయండి.

హార్మోన్ స్టాక్ దగ్గరా పొరపాట్లు జరుగుతాయి. 17-బీటా ఈస్ట్రాడయోల్ అణుభారం 272.4. అంటే 2.7 మిల్లీగ్రాములు 1 మిల్లీలీటర్ అబ్సల్యూట్ ఇథనాల్‌లో కరిగిస్తే 10 మిల్లీమోలార్. దాంట్లోంచి 10 మైక్రోలీటర్లు తీసి 990 మైక్రోలీటర్ల ఇథనాల్‌లో, మళ్లీ అందులోంచి 100 తీసి 900లో కలిపితే 10 మైక్రోమోలార్ వస్తుంది. వీటిని మూత గట్టిగా బిగిసే గాజు వయల్స్‌లో మైనస్ 20లో పెట్టండి. స్టెరాయిడ్లు ప్లాస్టిక్ గోడలకు అంటుకుంటాయి, పలుచన ద్రావణాల్లో ఆ నష్టం లెక్కలోకి వచ్చేంత ఉంటుంది. ఇథనాల్ ఆవిరైతే గాఢత పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన వరంగల్ ఎండకు, ఏసీ లేని గదిలో వయల్ మూత తీసి బెంచ్ మీద వదిలేస్తే 10 నానోమోలార్ అనుకున్నది 10 కాదు.

ఇక ఏజీఎస్ కణాలకే ఉన్న ఇబ్బంది. ఈ లైన్‌లో (ల్యాబ్‌లో పెంచుకుంటూ వస్తున్న ఈ కణాల వరసలో) కేరాస్ జీన్‌కు జీ12డీ మ్యుటేషన్ ఉంది, పీఐకే3సీఏ జీన్‌లోనూ మ్యుటేషన్లు ఉన్నాయి. అంటే కణం పెరుగుదలను నడిపే ఎర్క్ దారి, ఏకేటీ దారి రెండూ బయటి సంకేతం లేకుండానే కొంత తెరుచుకుని ఉంటాయి. అలాంటి కణాలకు ఈస్ట్రాడయోల్ ఇచ్చి ఎర్క్ పెరిగిందా అని చూడటం, నిండిన పాకాల చెరువులో రెండు బిందెలు పోసి మట్టం కొలిచినట్టే. తేడా ఉంటుంది, కానీ చిన్నది. ఆ చిన్న తేడాను కణాల సాంద్రత, ఆకలి సమయం (సీరం లేకుండా ఉంచే గంటలు), మీడియా మార్పు ఏదైనా మింగేస్తుంది. కాబట్టి వీటిని గట్టిగా పట్టి ఉంచాలి.

6 గుంటల ప్లేటులో గుంటకు 3 లక్షల కణాల చొప్పున వేయండి. మర్నాడు ఫినాల్ రెడ్ లేని మీడియా, 5 శాతం స్ట్రిప్ చేసిన సీరంతో మార్చి 48 గంటలు ఉంచండి, మధ్యలో ఒకసారి మార్చాలి. తర్వాత 16 గంటలు సీరం లేకుండా. ప్రయోగం పెట్టేటప్పటికి గుంట 70 శాతం నిండి ఉండాలి, 90 దాటితే ఆ ప్లేటు పక్కన పెట్టేయండి.

చాలామంది చేసే పని, హార్మోన్ కలిపిన కొత్త మీడియాతో పాతది మార్చేయడం. మీడియా మార్చడమే, ఆ పోసే ఒరిపిడే 5 నిమిషాల్లో ఎర్క్‌ను లేపుతుంది. మీ బలమైన బ్యాండ్లలో కొన్ని దీనివల్లే వచ్చి ఉంటాయని నా అనుమానం. గుంటలో 1.8 మిల్లీలీటర్లు ఉంచి, పది రెట్ల ద్రావణం 200 మైక్రోలీటర్లు నెమ్మదిగా అంచు నుంచి కలపండి. 10 మైక్రోమోలార్ స్టాక్ 10 మైక్రోలీటర్లను 990 మైక్రోలీటర్ల వెచ్చటి సీరం లేని మీడియాలో కలిపితే ఆ పది రెట్ల ద్రావణం సిద్ధం, గుంటలో చివరికి 10 నానోమోలార్, ఇథనాల్ 0.1 శాతం. ప్రతి టైమ్ పాయింట్‌కూ అదే మోతాదు ఇథనాల్ ఇచ్చిన గుంట విడిగా ఉండాలి. "సున్నా నిమిషాలు" గుంట ఒక్కటే కంట్రోల్‌గా పెడితే రివ్యూయర్ ముందు నిలబడదు.

15 నిమిషాలు ఒక్కటే చూడటం కూడా తప్పే. 2, 5, 10, 15, 30, 60 నిమిషాలు పెట్టండి. త్వరగా లేచి పడిపోయే సంకేతం 5 దగ్గర శిఖరానికి చేరి 15కి సగమవుతుంది, మీరు దిగుతున్న వాలు మీద కొలుస్తున్నారేమో. పక్కన 10 నానోగ్రాములు మిల్లీలీటర్‌కు చొప్పున ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ 10 నిమిషాలు ఇచ్చిన గుంట ఉంటే, అది పెరగనప్పుడు లోపం హార్మోన్‌ది కాదని వెంటనే తెలుస్తుంది.

సమయం అవగానే ప్లేటు ఐస్ మీదకు. ఫాస్ఫేట్ ఊడిపోకుండా కాపాడే సోడియం ఆర్థోవెనడేట్ 1 మిల్లీమోలార్ ఉన్న చల్లటి పీబీఎస్ బఫర్‌తో ఒక్కసారి కడిగి, గుంటకు కణాలను పగలగొట్టే రిపా బఫర్ 120 మైక్రోలీటర్లు. అందులో వెనడేట్‌తో పాటు 10 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్, ప్రొటియేజ్ ఇన్‌హిబిటర్ ఉండాలి. వెనడేట్‌ను పీహెచ్ 10కి తెచ్చి, రంగు పోయేదాకా మరిగించి, చల్లార్చి, మళ్లీ పీహెచ్ సరిచేసి యాక్టివేట్ చేసుకోవాలి. పసుపుగా ఉన్నది అలాగే వాడితే పెద్దగా పనిచేయదు. ఫాస్ఫో బ్లాట్‌కు పాలపొడి బ్లాకింగ్ వద్దు, పాలలోని కేసీనే ఒక ఫాస్ఫోప్రొటీన్, బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది. 5 శాతం బీఎస్ఏ (ఆవు సీరం ప్రొటీన్), టీబీఎస్-ట్వీన్ బఫర్ వాడండి. ఫాస్ఫో-ఎర్క్‌కు 20 మైక్రోగ్రాముల ప్రొటీన్ చాలు, బ్యాండ్లు 42, 44 కిలోడాల్టన్ల దగ్గర వస్తాయి. మొత్తం ఎర్క్‌ను అదే లైసేట్‌తో (పగలగొట్టిన కణాల ద్రవంతో) పక్క బ్లాట్‌లో చూడటం మేలు. మొదటి యాంటీబాడీని సరిగా ఊడదీయని మెంబ్రేన్ మీద రెండో యాంటీబాడీ వేసి, మిగిలిపోయిన మొదటి సంకేతాన్నే "టోటల్" అని కొలిచే ల్యాబ్‌లు తక్కువేమీ కాదు.

ఇప్పుడు రిసెప్టర్ దగ్గరకు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఆల్ఫా పూర్తి రూపం 66 కిలోడాల్టన్లు, దానికి రొమ్ము క్యాన్సర్ లైన్లలో అది ఉన్న ఎంసీఎఫ్-7 లైసేట్ పాజిటివ్ కంట్రోల్, లేని ఎండీఏ-ఎంబీ-231 నెగెటివ్ కంట్రోల్. 40 నుంచి 60 మైక్రోగ్రాములు వేయాలి. న్యూక్లియస్‌లో క్రోమాటిన్‌ను పట్టుకుని ఉండే ప్రొటీన్ కాబట్టి, లైసేట్‌ను సోనికేట్ చేయకుండా తిప్పితే కొంత అడుగున గుళికలో పోతుంది. ఆల్ఫా కనిపించలేదని రాసేముందు ఆ గుళికను కూడా ఒకసారి మరిగించి జెల్ మీద వేసి చూడండి.

బీటా యాంటీబాడీల కథ వేరు. 2017లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన పరిశీలనలో 13 యాంటీబాడీలను పరీక్షిస్తే, సరిగ్గా బీటానే పట్టుకున్నది పీపీజెడ్0506 అనే మోనోక్లోనల్ ఒక్కటే. మిగతా వాటితో వచ్చిన పాత పేపర్లను, జీర్ణాశయ క్యాన్సర్ మీదివి కూడా, కాస్త అనుమానంతోనే చదవాల్సిందే. మీ రెండు బ్యాండ్లలో ఏది నిజమో యాంటీబాడీ షీట్ చూసి తేల్చలేరు. బీటా ప్లాస్మిడ్ (బీటా జీన్ ఉన్న డీఎన్ఏ వలయం) పెట్టిన హెక్-293 కణాల లైసేట్ ఒక లేన్‌లో, ఖాళీ ప్లాస్మిడ్‌ది మరో లేన్‌లో వేయండి. ఏజీఎస్‌లో బీటా జీన్ ఈఎస్ఆర్2 మీద రెండు వేర్వేరు ఎస్ఐఆర్ఎన్ఏలు (ఎంచుకున్న జీన్‌ను అణిచే చిన్న ఆర్ఎన్ఏలు), 30 నానోమోలార్, 72 గంటలు. రెండింటితోనూ తగ్గే బ్యాండే బీటా. ఏదీ తగ్గకపోతే మీ కణాల్లో బీటా ఉందని రాయకండి.

36 కిలోడాల్టన్ల ఆల్ఫా-36 అనే పొట్టి రూపం కూడా ఉంది. ఇది ఆల్ఫా జీన్ అయిన ఈఎస్ఆర్1 మొదటి ఇంట్రాన్‌లోని ప్రొమోటర్ నుంచి తయారవుతుంది. ముందున్న ఏఎఫ్-1 భాగం ఉండదు, చివరన 27 అమైనో ఆమ్లాలు కొత్తవి. అందుకే మామూలు ఆల్ఫా యాంటీబాడీ, ఎన్-కొసదైనా సీ-కొసదైనా, దీన్ని పట్టుకోదు. జీర్ణాశయ క్యాన్సర్‌లో దీని మీద వచ్చిన పేపర్లలో కొన్ని ఎస్‌జీసీ-7901 కణాలతో చేసినవి. ఆ లైన్ నిజానికి హీలా కణాలని, అంటే గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్ కణాలని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. బీజీసీ-823 కూడా అంతే. ఎంకేఎన్-28 అని తిరుగుతున్నది ఎంకేఎన్-74. రివ్యూ ఆఫ్ లిటరేచర్ రాసేటప్పుడు ప్రతి పేపర్‌లో ఏ లైన్ వాడారో ఒక కాలమ్ పెట్టుకోండి, సగం వైరుధ్యాలు అక్కడే విడిపోతాయి.

ఇక ఫుల్వెస్ట్రాంట్. ఇది ఆల్ఫాను కట్టేసి ధ్వంసం చేసే మందు, నిజమే. కానీ కణపొరల మీద ఉండే జీపీఈఆర్ అనే మరో రిసెప్టర్‌ను ఇదే మందు తట్టి లేపుతుంది. పాత పేరు జీపీఆర్30. ఆల్ఫా లేని ఎస్‌కే-బీఆర్-3 రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రాడయోల్‌తోనూ, ఫుల్వెస్ట్రాంట్‌తోనూ ఎర్క్ లేవడం 2000లోనే చూపించారు. ఆ దారి ఇలా నడుస్తుంది. జీ-ప్రొటీన్ నుంచి సార్క్ కైనేజ్, అక్కడి నుంచి కణం బయటి మెటలోప్రొటియేజ్. అది పొర మీదున్న హెచ్‌బీ-ఈజీఎఫ్‌ను కోసి వదులుతుంది, అది వెళ్లి ఈజీఎఫ్ రిసెప్టర్‌ను లేపుతుంది, దాని వెనుక ఎర్క్. మీ ఫలితం సరిగ్గా ఈ బొమ్మకే సరిపోతోంది.

నిరూపించడానికి జీపీఈఆర్‌ను ఆపే జీ-15 అనే అడ్డుమందు 1 మైక్రోమోలార్, 30 నిమిషాలు ముందు ఇచ్చి, ఆ తర్వాత ఒక గుంటకు ఈస్ట్రాడయోల్, ఒక గుంటకు 1 మైక్రోమోలార్ ఫుల్వెస్ట్రాంట్, మరో గుంటకు జీ-1 అనే జీపీఈఆర్ లేపే మందు 100 నానోమోలార్. మూడూ జీ-15తో తగ్గితే దారి దాదాపు తేలినట్టే. జీ-1ను మైక్రోమోలార్‌కు తీసుకెళ్లకండి, ఆ మోతాదులో అది రిసెప్టర్‌తో సంబంధం లేకుండా మైక్రోట్యూబ్యూల్స్‌ను చెడగొడుతుంది. కణాలు చచ్చిపోతే "జీపీఈఆర్ క్యాన్సర్‌ను చంపింది" అని రాసేస్తారు కొందరు. మందులతో ఆగకుండా జీపీఈఆర్1 మీద ఎస్ఐఆర్ఎన్ఏ కూడా చేయాలి, ఈస్ట్రోజెన్‌కు ఇది అసలైన రిసెప్టరేనా అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈజీఎఫ్ రిసెప్టర్ మధ్యలో ఉందా అన్నది దాన్ని అడ్డుకునే ఏజీ-1478 లేదా జెఫిటినిబ్ 1 మైక్రోమోలార్‌తో చూడొచ్చు. ఏజీఎస్‌లో కేరాస్ మ్యుటేషన్ కింద ఉంది కాబట్టి బేస్‌లైన్ అలాగే ఉండి, హార్మోన్ వల్ల పెరిగిన భాగమే తగ్గుతుంది. ఆ తేడానే కొలవండి. జీపీఈఆర్ బ్లాట్ చేస్తే లైసేట్‌ను 95 డిగ్రీల్లో మరిగించొద్దు, ఏడుసార్లు పొర దాటే ప్రొటీన్లు గడ్డకట్టి జెల్ బావిలోనే ఉండిపోతాయి, 37 డిగ్రీల్లో అరగంట చాలు. క్యూపీసీఆర్ (జీన్ ఆర్ఎన్ఏ ఎంత ఉందో కొలిచే పరీక్ష) చేస్తే ఆర్ఎన్ఏకు డీఎన్ఏస్ (డీఎన్ఏను తుంచే ఎంజైమ్) తప్పనిసరి. జీపీఈఆర్ జీన్ కోడింగ్ భాగం ఒకే ఎక్సాన్‌లో ఉంది, కలిసిన జినోమిక్ డీఎన్ఏ కూడా అదే సైజులో పెరిగి మోసం చేస్తుంది. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని ట్యూబ్ ఒకటి ప్రతిసారీ పెట్టండి.

న్యూక్లియస్ దారి పనిచేస్తోందా అని చూడాలంటే ఈఆర్ఈ-లూసిఫరేజ్ (రిసెప్టర్ డీఎన్ఏను పట్టుకుంటే వెలిగే పరీక్ష), లేదా అది నడిపే టార్గెట్ జీన్లు. రొమ్ము క్యాన్సర్ ప్రొటోకాల్ చూసి టీఎఫ్ఎఫ్1, అదే పీఎస్2, ఎంచుకుంటారు. జీర్ణాశయపు లోపొర కణాలు ఈస్ట్రోజెన్‌తో పని లేకుండానే టీఎఫ్ఎఫ్1ను తయారు చేస్తాయి, ఇక్కడ అది సాక్ష్యం కాదు. జీఆర్ఈబీ1, పీజీఆర్ జీన్లు చూడండి.

ఏజీఎస్ ఒక్కదాని మీద థీసిస్ నిలబెట్టకండి. కేరాస్ మ్యుటేషన్ లేని లైన్ ఒకటి పక్కన ఉండాలి. ఎన్‌సీఐ-ఎన్87లో హెర్2 జీన్ కాపీలు బాగా పెరిగి ఉంటాయి, ఎంకేఎన్-45లో మెట్, కాటో-3లో ఎఫ్‌జీఎఫ్ఆర్2. ఒక్కోదానికి ఒక్కో ఇంజిన్, హార్మోన్ ప్రభావం ఆ ఇంజిన్ మీద ఆధారపడుతుంది. ఈజీఎఫ్ రిసెప్టర్ కుటుంబం దారిలో ఉందని మీరు చూపాలనుకుంటే ఎన్87 మంచి జోడీ, హెర్2 ఆ కుటుంబానిదే. అవి నెమ్మదిగా పెరుగుతాయి, గుంపులుగా ఉంటాయి, ట్రిప్సిన్‌తో విడగొట్టడానికి ఓపిక కావాలి. ఇంకొకటి, ఏజీఎస్‌లో పారాఇన్‌ఫ్లుయెంజా-5 వైరస్ శాశ్వతంగా ఉంటుందని, అది స్టాట్1 అనే సంకేత ప్రొటీన్‌ను ధ్వంసం చేస్తుందని 2007 నుంచి తెలుసు. కొవ్వు కణాల హార్మోన్ లెప్టిన్ వైపు వెళ్లి, స్టాట్ ప్రొటీన్లుండే జాక్-స్టాట్ దారి చూడాలనుకుంటే ఇది గుర్తుండాలి.

ఈ చర్చ చదివి రోగుల ఇళ్లవాళ్లు కూడా అడుగుతుంటారు, రొమ్ము క్యాన్సర్‌లాగా హార్మోన్ మాత్రలు కడుపు క్యాన్సర్‌కు వాడొచ్చా అని. వాడరు. ఈ జబ్బు ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో దాదాపు రెండింతలు కనిపించడం వల్ల ఈస్ట్రోజెన్ మీద పరిశోధకులకు ఆసక్తి ఉంది, అంతే. బయాప్సీ మీద ఈస్ట్రోజెన్ రిసెప్టర్ టెస్టు రాశారంటే, రొమ్ము నుంచి పాకిన గడ్డ ఏమోనని తేల్చుకోవడానికి. వైద్యాన్ని మార్చేవి గడ్డలోని హెర్2, పీడీ-ఎల్1, ఎంఎస్ఐ, క్లాడిన్ 18.2 అనే గుర్తుల పరీక్షలు. ముదిరిన దశలో హెర్2 పాజిటివ్ ఉన్నవాళ్లకు కీమోతో పాటు హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇస్తే బతికిన కాలపు మధ్యస్థం (మీడియన్) 11.1 నెలల నుంచి 13.8కి పెరిగిందని 2010లో టోగా ట్రయల్ చూపింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనైనా హైదరాబాద్‌లోనైనా ఆంకాలజిస్టును అడగాల్సింది వీటి గురించి.

లెక్కల దగ్గర ఒక్క మాట. ఒకే రోజు వేసిన మూడు గుంటలు ఎన్ (స్వతంత్ర ప్రయోగాల సంఖ్య) మూడు కాదు. వేర్వేరు పాసేజ్‌ల నుంచి, వేర్వేరు రోజుల్లో చేసిన మూడు ప్రయోగాలు కావాలి. ప్రతిదాన్నీ ఆ టైమ్ పాయింట్ ఇథనాల్ గుంటతో భాగించి, ఆ తర్వాతే స్టాటిస్టిక్స్.

ఫండ్ తక్కువైతే కొనే వరుస ఇలా పెట్టుకోండి. ముందు మైకోప్లాస్మా (కల్చర్ కణాలకు సోకే బ్యాక్టీరియా) పీసీఆర్ కిట్, కణాల ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (ఏ లైనో తేల్చే డీఎన్ఏ పరీక్ష). పుణెలోని కణాల భాండాగారం ఎన్‌సీసీఎస్ నుంచి తాజాగా తెచ్చినవైతే వాళ్ల సర్టిఫికెట్ ఫైల్‌లో పెట్టండి, పక్క ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకున్నవైతే పరీక్ష తప్పదు. తర్వాత ఫినాల్ రెడ్ లేని మీడియా, బొగ్గు, డెక్స్‌ట్రాన్. ఆ తర్వాత జీ-15, ఎస్ఐఆర్ఎన్ఏలు. బీటా యాంటీబాడీ అన్నిటికంటే చివర, అది కూడా క్యూపీసీఆర్‌లో ఈఎస్ఆర్2 కనిపిస్తేనే. యాంటీబాడీ పార్సిల్ మే నెలలో గానీ మేడారం జాతర వారంలో గానీ రాకుండా ఆర్డర్ పెట్టండి, జెల్ ప్యాక్ కరిగి గోరువెచ్చగా చేరిన డబ్బాను కంపెనీ వెనక్కి తీసుకుంటుందని నమ్మకం లేదు. దసరా సెలవులకు వెళ్లేముందు తక్కువ పాసేజ్ కణాలను 10 శాతం డీఎంఎస్ఓలో కనీసం పది వయల్స్ ఫ్రీజ్ చేసి, లిక్విడ్ నైట్రోజన్ మట్టం చూసుకుని వెళ్లండి.